చింపేసిన పేజీలో ఎనిమిదిమంది

మీ ఉత్తరం అందింది, అబ్బాయిలూ. మన హైస్కూల్లో బాస్కెట్‌బాల్ మొదలైన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆడిన జట్ల పేర్లన్నీ హాలు గోడ మీద పెద్ద బోర్డుగా రాయిస్తున్నామన్నారు. సంతోషం. పాత ఆటల రిజిస్టరు అటక మీద దొరికిందనీ, అందులో మొదటి కాగితం మాత్రం లేదనీ, చెదలు తినేశాయేమోననీ మీ డ్రిల్లు మేష్టారు రాశారు. చెదలు పాపం ఏమీ ఎరగవు. ఆ కాగితం చింపింది నేను. చింపి నా చేత్తోనే పొయ్యిలో పెట్టాను.

రెండో కాగితం మీద నా తర్వాత వచ్చినాయన రాసిన జట్టుంది గనక దాన్నే మొదటి జట్టుగా బోర్డుకెక్కిస్తామన్నారు. ఆగండి, అంత తొందరపడకండి. అలా రాసేస్తే అంతకుముందు ఆడిన ఎనిమిదిమంది కొండ కుర్రాళ్ళు అసలు పుట్టనే లేదని రాసినట్టవుతుంది. ఆ అన్యాయం ఒకసారి నేను చేశాను. మళ్ళీ మీ చేత చేయించలేను. అందుకని నాకు డెబ్బై దగ్గర పడిన ఈ వయసులో ఆ పేజీ కథంతా రాస్తున్నాను. చదివాక నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి.

ఇప్పుడు మీకు బొర్రా మీదుగా రైలొచ్చింది. నేనొచ్చింది పందొమ్మిదివందల ఇరవైల నడిమి రోజుల్లో. శృంగవరపుకోట నుంచి ఘాటీ ఎక్కాలంటే ఎడ్లబండి, లేదంటే కాళ్ళు. నాకు ఇరవై ఆరేళ్ళు. మద్రాసులో ఏడాదిపాటు వ్యాయామం నేర్చుకుని, మెడలో ఈల వేసుకుని, లోకాన్నంతా అటెన్షన్‌లో నిలబెట్టేస్తానన్న ధీమాతో దిగాను. మా ఆవిడ రాలేదు. మామగారు పంపలేదు. "మన్నెం జ్వరం తగిలితే ఎవరయ్యా జవాబుదారీ?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఆ రోజుల్లో ఘాటీ ఎక్కిన ఉద్యోగస్తులు సగంమంది మంచాల మీద దిగేవారు.

బడి వెనక నాకు ఒక గది ఇచ్చారు. గది, వరండా, పొయ్యి, నేను. హెడ్మాష్టారు భార్యాబిడ్డలతో బడికి అవతలి చివర ఉండేవారు. మంచివారేగాని ఎప్పుడూ ఇన్‌స్పెక్షన్ భయంలో బతికేవారు. బడి బోర్డింగులో వంట చేసే ఆమె, బడి దిగువనున్న ఊరి కొండ మనిషి, యాభై దాటినామె. నేను ఆమె చేతి వంట తినకూడదని నియమం పెట్టుకున్నాను. నీళ్ళు నేనే గెడ్డ నుంచి మోసుకునేవాణ్ణి. పండగలొస్తే ఊరంతా డప్పులు, దింసా, ఆడా మగా భుజాల మీద చేతులేసుకుని ఆడేవారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని వినేవాణ్ణి. రమ్మని ఎవరూ పిలవలేదు, పిలిచేలా నేనూ ఉండలేదు. సాయంత్రం అయిదు దాటితే నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. ఒక్కోసారి నా గొంతు నేను వినాలని డ్రిల్లు ఆర్డర్లు పైకి చదువుకునేవాణ్ణి. ఏడుపొచ్చేది, నిజం చెప్తున్నాను.

మొదటి వానలకే నాకు జ్వరం తగిలింది. క్వినైను చేదు, చెవుల్లో హోరు. వంటామె గుమ్మం అవతల కూర్చుని, "గంజి తాగు బాబూ, సచ్చిపోతే మాకు సెడ్డపేరొత్తాది," అనేది. నా నియమం అప్పుడెటు పోయిందో నాకు తెలియదు. గంజి తాగాను. జ్వరం తగ్గాక మళ్ళీ నియమం తెచ్చిపెట్టుకున్నాను. ఆమె ముసిముసిగా నవ్వి ఊరుకుంది.

కొండల్లో పితూరీ, అదే మన్నెం తిరుగుబాటు, అణిగి ఎన్నాళ్ళో కాలేదు. కుర్రాళ్ళకి కర్రసాము, లాఠీ డ్రిల్లు నేర్పొద్దని పైనుంచి మాటొచ్చింది. బంతి ఆటైతే ఎవరికీ అనుమానం రాదని హెడ్మాష్టారు బాస్కెట్‌బాల్‌కి ఒప్పుకున్నారు. మన బడిలో ఆ ఆట పుట్టుక అంతే, అందులో గొప్పేమీ లేదు. ఇనప రింగులు మద్రాసు నుంచి తెప్పించే స్తోమత లేదు. సంతలో రెండు వెదురు గంపలు తీసుకుని, అడుగులు కోసేసి, రెండు గుగ్గిలం కర్ర స్తంభాలకి కట్టాం. వెనక పలకల్లేవు. ఊళ్ళో దాని పేరు గంపాట అయిపోయింది. నేను ఎన్నిసార్లు బాస్కెట్‌బాల్ అని సరిదిద్దినా ఒక్కరూ వినలేదు.

బడి వెనక వాలు నేల ఎంత చదును చేసినా వానకి రాళ్ళు మళ్ళీ పైకొచ్చేవి. బంతి నేలకేసి కొడితే చేతికి తిరిగి రాదు, తిన్నగా గెడ్డలోకి పోతుంది. ఆటలో బంతి పట్టుకుని పరిగెత్తకూడదని మీకు తెలుసు, నేలకి కొట్టుకుంటూనే పోవాలి. ఆ నేల మీద అది కుదిరే పని కాదు. అందుకని మూడు నాలుగు అడుగులు పట్టుకుని పరిగెత్తినా నేను ఈల ఊదేవాణ్ణి కాదు. నెమ్మదిగా ఆ నాలుగు ఆరయ్యాయి. రూలు పుస్తకం నా పెట్టెలోనే ఉంది. రూలు నాకు కంఠతా వచ్చు. ఇప్పటికి పోనీలే, తర్వాత దిద్దుదాంలే అనుకున్నాను. నా బతుకులో నేను చేసిన తప్పులు చాలామటుకు ఇలా పోనీలేతోనే మొదలయ్యాయి.

ఎనిమిదిమందిని ఏరాను. అయిదుగురు ఆడేవాళ్ళు, ముగ్గురు అదనం. అబ్బ, ఏం విసిరేవారు! చూడకుండా విసిరేవారు, చూడకుండా పట్టేవారు. కాని ఒక వింత అలవాటుంది. ఒకడు గంప కింద ఒంటరిగా నిలబడి ఉన్నా బంతి వెయ్యడు, వెనక్కి ఇస్తాడు. అయిదుగురి చేతులూ తాకితే గాని ఆ బంతి గంపలో పడేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

"గంప కిందే ఉన్నావు కదరా, వెయ్యవేం?" అని అరిచాను ఒకరోజు కెప్టెన్ మీద. కెప్టెన్ పొడుగాటి కుర్రాడు, మాటలు తక్కువ.

"ఆడికింకా అందనేదు మేస్టారూ," అన్నాడు, అవతల ఉన్నవాణ్ణి చూపించి.

వేటలో కొట్టిన జంతువుని వెళ్ళిన ప్రతివాడికీ పంచుతారనీ, ఏమీ చెయ్యకుండా వెంట నడిచినవాడికి కూడా వాటా ఉంటుందనీ తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు. మొద్దులు అనుకున్నాను. ఎవరు మొద్దో మీరే చెప్పండి.

రెండో ఏడు వేసవి సెలవుల ముందర హెడ్మాష్టారు కింద మైదాన ప్రాంతంలో ఒక పెద్ద హైస్కూలుకి రాసి మ్యాచి ఒప్పించారు. కొండ బడి జట్టు దిగి ఆడటం అదే మొదలు. ఆ రోజే కొత్త రిజిస్టరు తీసి, మొదటి పేజీలో గీతలు గీసి, ఎనిమిది పేర్లూ, వాళ్ళ ఊళ్ళూ, ఎత్తులూ, ఎవరే స్థానంలో ఆడతారో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. నా ఆశ వేరే ఉంది, దాచను. మ్యాచి గెలిస్తే ఆ హైస్కూలు వాళ్ళు నన్ను పిలుస్తారు, మా ఆవిడ దగ్గరికి వెళ్ళిపోవచ్చు. కుర్రాళ్ళ కన్నా ఆ గెలుపు నాకే ఎక్కువ కావాలి.

వచ్చిన చిక్కల్లా అది చైత్రమాసం. కెప్టెన్ వచ్చి తలొంచుకు నిలబడ్డాడు.

"ఇటుకల పండగ మేస్టారూ. ఏటకెల్లాల. రాలేం."

ఆ పండగ రోజుల్లో కొండ ఊళ్ళలో మగవాళ్ళంతా అడవికి వేటకి పోతారు. పెద్దవాళ్ళనడిగి ఒప్పిద్దామని నేనే ఊళ్ళోకి వెళ్ళాను. ఏడాదిన్నరలో ఆ ఊళ్ళోకి నా అంతట నేను వెళ్ళడం అదే మొదటిసారి. ఊరి పెద్ద బక్కపల్చటి ముసలాయన, రావిఆకులా ఎప్పుడూ తలాడిస్తూ ఉండేవాడు.

"మొగ గుంటడన్నోడు పండగలో ఊరికే ఉండకూడదు బాబూ. అడివికెల్లాల," అన్నాడు.

నాకు మహా తెలివైన ఆలోచన తోచింది. నా మొహం మండ!

"ఇదీ వేటే కదయ్యా. ఈసారి వీళ్ళు అడవికి బదులు కిందికి వేటకెళ్తున్నారనుకో," అన్నాను.

తలాడించడం ఆగిపోయింది. "ఏటంతావు? ఇదీ ఏటేనా?"

"వేటే."

"నువ్వే ముందు నడుత్తావా?"

"నేనే."

ఆయన వెనక్కి తిరిగి వాళ్ళ మాటలో ఏదో చెప్పాడు. అందరూ గొల్లున నవ్వారు. ఒక ముసలామె పసుపు బియ్యం తెచ్చి ఎనిమిదిమంది నెత్తినా వేసి, నా నెత్తిన కూడా వేసింది. ఏదో ఆచారం కాబోలని తల వంచాను. పని సాధించానని ఈల వేసుకుంటూ గదికొచ్చాను.

రెండు రోజులు నడిచి దిగాం. ఆ హైస్కూలు మైదానం చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. చీపురుతో ఊడ్చిన ఎర్రమట్టి, సున్నం గీతలు, ఇనప రింగులు, వాటి వెనక తెల్ల పలకలు. జనం గట్ల మీద కూర్చున్నారు. ఈల మోగింది. మావాడు బంతి పట్టాడు, నాలుగడుగులు పరిగెత్తాడు. ఈల. బంతి వాళ్ళకిచ్చారు. ఇంకొకడు పట్టాడు, పరిగెత్తాడు. ఈల. మావాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. ఒక్కొక్కడూ ఆగి నా వైపు చూడటం మొదలుపెట్టాడు. నేనేం చెప్పను? ఆ ఈల నా తప్పుకి, వాళ్ళ తప్పుకి కాదు. రింగు మీదికి విసిరితే బంతి పలకకి తగిలి ఎక్కడికో ఎగిరిపోయేది. పలక అనేదే వాళ్ళెప్పుడూ చూడలేదు. వాళ్ళు నలభై చేశారు. మేము చేసింది నాలుగు. ఆ నాలుగూ కూడా అయిదుగురి చేతులూ తిరిగాకే పడ్డాయి.

గట్టు మీద ఎవరో, "కొండోళ్ళకి బంతెందుకురా, బాణాలియ్యండి!" అని అరిచారు. జనం పగలబడి నవ్వారు. ఆ హైస్కూలు హెడ్మాష్టారు నా భుజం తట్టి, "రూల్సు చెప్పలేదా మీరు?" అన్నారు చాలా మర్యాదగా. నాకు తల కొట్టేసినట్టయింది. చెప్పలేదు, నా పొరపాటే అనడానికి నోరు రాలేదు.

"ఎంత చెప్పినా బుర్రకెక్కదండీ వీళ్ళకి," అన్నాను.

కెప్టెన్ నా పక్కనే ఉన్నాడు. విన్నాడు.

తిరుగు దారిలో ఘాటీ ఎక్కుతుంటే కుర్రాళ్ళు తమలో తాము గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. ఓడిపోయినందుకు బాధపడుతున్నారనుకున్నాను. నిజానికి వాళ్ళ దిగులది కాదు. రెండో రోజు పొద్దున్న కెప్టెన్ దగ్గరికొచ్చాడు.

"మేస్టారూ, ఈపూట ఇక్కడాగుదుమా? కుందేలో అడివికోడో ఏదో ఒకటి కొడతాం."

"ఎందుకురా? ఆకలేస్తోందా?"

"కాదండి. ఉత్త సేతుల్తో ఊళ్ళోకెలా ఎల్తాం?"

"ఓడిపోయి తగలడింది చాలక ఇంకా వేటొకటా? నడవండి బేగి!" అన్నాను. కోపంలో నాకూ ఆ ఊళ్ళ మాటే వచ్చేసింది. ఎందుకు ఆగమంటున్నాడని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. అడగలేదు. ఎనిమిదిమందీ నా వెనక నడిచారు.

పొద్దు వాలుతుండగా ఊరు చేరాం. బడికి ఊరి మీదుగానే దారి. దారికడ్డంగా ఒక వెదురు కట్టి, ఆడవాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. చేతుల్లో కుండలు. డప్పు మోగుతోంది, పాట నడుస్తోంది. కుర్రాళ్ళ నడక నెమ్మదించింది. ముందు కెప్టెన్ వెళ్ళాడు, తల వంచాడు. కుండెడు పేడనీళ్ళు నెత్తిన పడ్డాయి. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. తర్వాత ఒక్కొక్కడూ. వాళ్ళు తిట్టించుకుంటూ, తప్పించుకోబోతూ, నవ్వుతూనే ఉన్నారు. నేను పక్కగా, పొదల మీదుగా జారుకోబోయాను.

"అదిగో, పెద్ద ఏటగాడు ఎల్లిపోతన్నాడు! పట్టండే!" అంది నా నెత్తిన పసుపు బియ్యం వేసిన ముసలామె.

నా ఖాకీ కోటు మీద, టోపీ మీద, మొహం మీద నిండు కుండ పడింది. కంట్లో, నోట్లో పేడ. ఊరు ఊరంతా నవ్వుతోంది. మైదానంలో నవ్విన నవ్వూ ఇదీ ఒకటే అనిపించింది నాకు. అదనపు ఆటగాళ్ళలో అందరికన్నా చిన్నవాడొకడుండేవాడు. మ్యాచిలో వాణ్ణి దింపనే లేదు. వాడు ఒళ్ళంతా పేడనీళ్ళు కారుతుండగా పడీపడీ నవ్వుతూ నా దగ్గరికొచ్చి, రెండు చేతులతో నా కోటు తుడవబోయాడు.

"ఇప్పుడు నువ్వూ మావోడివే మేస్టారూ" అని వాడు అంటుండగానే నా చెయ్యి లేచింది. చెంప మీద ఎంత గట్టిగా కొట్టానంటే వాడు కింద పడ్డాడు.

పాట ఆగిపోయింది. డప్పు ఆగిపోయింది. ఒకామె చేతిలో ఎత్తిన కుండ అలాగే కిందికి దించేసింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వెదురు తీసి దారి వదిలారు. నేను ఒక్కణ్ణే నడిచి గదికొచ్చాను.

స్నానం చేసి రిజిస్టరు తీశాను. స్కోరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. నలభైకి నాలుగని రాస్తే, ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. పైనున్న ఎనిమిది పేర్లూ నన్నే చూస్తున్నట్టనిపించింది. కాగితం చింపేశాను. మర్నాడు బదిలీకి అర్జీ పెట్టాను, 'ఊరి జనం చేసిన అవమానం వల్ల' అని కారణం రాసి. హెడ్మాష్టారు చదివి బెదిరిపోయారు. "పోలీసులకి చెబుదామా?" అన్నారు. వద్దన్నాను. అంతమటుకు దేవుడు నాకు బుద్ధిచ్చాడు.

వాళ్ళ ఆచారం ప్రకారం ఉత్త చేతులతో వచ్చినవాళ్ళు మళ్ళీ వేటకి పోవాలి. కుర్రాళ్ళు పోయారు. రెండు రోజులకి కెప్టెన్ నా వరండా మీద అడ్డాకుల పొట్లం ఒకటి పెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూశాను. మాంసం. నేను తిననని తెలిసి ఎగతాళికి పెట్టాడనుకున్నాను. వంటామెని పిలిచి, "తీసి పారేయ్," అన్నాను. ఆమె పొట్లం రెండు చేతులతో తీసుకుని వెళ్ళిపోయింది.

సెలవులయ్యాక రెండు నెలలు నేను బతికిన బతుకు ఎవరికీ వద్దు. కుర్రాళ్ళు ఆటస్థలానికి వచ్చేవారు. నేను రూల్సన్నీ నేర్పాను. చక్కగా నేర్చుకున్నారు, పరిగెత్తడం మానేశారు, గంప కింద బంతి అందితే వేసేసేవారు. మాట్లాడేవారు కాదు. మేస్టారూ అని పిలవడం మానేసి అయ్యా అనడం మొదలుపెట్టారు. దారిలో ఆడవాళ్ళు ఎదురైతే పక్కకి తప్పుకుని, తల వంచుకుని నిలబడేవారు. అటవీ గార్డు వచ్చినా, పోలీసు వచ్చినా అలాగే నిలబడేవారు. ఇంత మర్యాద నాకు పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. ఆ చిన్నవాడు మాత్రం ఆటకి రాలేదు. బడి కూడా మానేశాడని తెలిసింది. అడగలేదు. హాజరు పట్టీ నా పని కాదు కదా అనుకున్నాను.

ఆర్డరొచ్చింది. బండి కట్టారు. పెట్టె ఎక్కిస్తుంటే వంటామె వచ్చి చక్రం పక్కన నిలబడింది.

"ఎల్లిపోతన్నావా బాబూ?"

"వెళ్ళిపోతున్నాను. మీ ఊరివాళ్ళు చేసిన మర్యాద చాల్లే."

"ఏటి సేసినారు?"

"తెలియనట్టు అడుగుతావేం? పేడనీళ్ళు కుమ్మరించలేదూ?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నీకు తెల్దా? నిజంగా తెల్దా? ఏటకెల్లి ఉత్త సేతుల్తో వొచ్చినోడి మీద పోత్తాం. మా మొగోళ్ళ మీదే పోత్తాం బాబూ, పైవోళ్ళ మీద పొయ్యం. సంతకొచ్చే సావుకారి మీద ఎవులైనా పోసినారా? గార్డు మీద పోసినారా? నువ్వే కదా ఏటన్నావు, ముందు నడుత్తానన్నావు. నీ నెత్తిన పసుపు బియ్యం ఏసిన మా అప్ప నీకోసం మంచి కుండ దాసి ఉంచింది, పెద్దదాన్ని."



"ఆ మాంసం నీ వాటా," అంది మళ్ళీ. "తినవని ఆల్లకి తెలుసు. అయినా వాటా వాటాయే కదా. ఎల్లినోడికి ఇయ్యకపోతే తప్పు."

ఊరు అక్కడికి రెండు ఫర్లాంగులు. వాలు దిగి నడిచి వెళ్ళి ఉంటే ఏమయ్యేది? బండివాడు తొందర పెడుతున్నాడు. హెడ్మాష్టారు వీడ్కోలు చెప్పడానికి నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు పరిగెత్తుకు పోయి ఒక కుర్రవాడి కాళ్ళ మీద పడటానికి సిగ్గేసింది. కింద దిగాక ఉత్తరం రాద్దాం అనుకున్నాను. మళ్ళీ అదే పోనీలే. బండి కదిలింది. రాయలేదు. ముప్పై ఏళ్ళు మైదాన ప్రాంతంలో పనిచేశాను. నా జట్లు గెలిచాయి, నాకు దండలు వేశారు, ఫోటోలు తీశారు, మా ఆవిడా పిల్లలూ చుట్టూ ఉన్నారు. అయినా అంతమందిలో కూడా ఒక్కోసారి ఆ వరండాలో ఒక్కణ్ణే కూర్చున్నట్టుండేది. నన్ను తమవాడు అనుకుని ఎవరైనా ఏదైనా చేసింది ఆ ఒక్క సాయంత్రమే, దానికి నేను చెంపదెబ్బతో జవాబిచ్చాను.

ఇక బోర్డు సంగతి. మొదటి జట్టు ఎప్పటిదో, ఏ ఆట ఆడిందో, నలభైకి నాలుగు ఎందుకు ఓడిందో ఇప్పుడు మీకు తెలిసింది. స్కోరు దాచకండి. ఆ ఓటమి అప్పటి డ్రిల్లు మేష్టారిదని కూడా రాయండి. పేర్లు ఇందులో రాయలేదు, ఊళ్ళతో సహా వేరే కాగితం మీద రాసి ఈ ఉత్తరానికి గుచ్చాను. వాళ్ళ మనవలు మీ తరగతుల్లోనే ఉండి ఉంటారు, ముందు వాళ్ళకి చూపించండి.

ఆ కాగితం మీద ఏడు పేర్లే ఉంటాయి. తొందరపడి నేను ఒకటి మర్చిపోయి పంపాననుకోకండి. మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి కూర్చున్నాను. మొహం గుర్తుంది, ఎత్తు గుర్తుంది, నా అరచేతికి తగిలిన ఆ చెంప గుర్తుంది. పేరు గుర్తు రావడం లేదు. నేనే రాసి, నేనే తగలబెట్టాను. బడి మానేశాడు గనక తర్వాతి జట్ల పట్టీల్లోనూ దొరకడు, ఆనాటి హాజరు పట్టీలు ఇంకా ఉండి ఉండవు. ఊళ్ళోకి వెళ్ళి అడగండి. ఫలానా మేష్టారు కొట్టిన కుర్రాడెవరని అడిగితే ఎవరో ఒకరు చెప్పకపోరు. బతికుంటే ఇప్పుడు వాడికీ యాభై దాటి ఉంటాయి. కనిపిస్తే, ఆ రోజు వాడన్న మాట నేను విన్నానని చెప్పండి.

మీ ఉత్తరం చివర నా పేరు బోర్డు పైన పెద్ద అక్షరాలతో రాయిస్తామన్నారు. వాడి పేరు దొరికేదాకా నా పేరు రాయకండి.